పెడచెవి

చిలోయే దీవుల్లో వాన ఆగదు,
మధ్యమధ్యలో అలుపు తీర్చుకుంటుందంతే.
అలా అలుపు తీర్చుకుంటున్న ఒక మధ్యాహ్నం
పడవ దిగాను,
జేబులో ఇత్తడి మరల యాంటెన్నాలు రెండు,
చంకలో తడవకూడని పెట్టె.

ఎదెల్మీరా నావెల్కిన్ గుమ్మంలోనే మొదలెట్టింది.
"మూడు రోజులైంది.
కాస్త్రో నుంచి నాచు కొనే షావుకారు ఫోన్లో కనిపిస్తాడు,
నుదురొస్తుంది, కళ్లొస్తాయి, మీసం దాకా వచ్చి ఆగిపోతాడు.
ధర చెప్పే నోరు మాత్రం రాదు."

కిటికీ బయట, చెక్కపెంకుల గోడకి
మూరెడు యాంటెన్నా.
దాని మొన, గురి చూసిన బాణంలా,
జలసంధి అవతలి పచ్చరంగు ఇంటి మీదికి.
అది చెల్లెలు ఎర్సీలియాది.
అసలు తీగ వచ్చేది ఆ ఇంటికే,
ఇక్కడికొచ్చేది గాలిలో కాస్త మిగులు.

పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.
విత్తనపు బంగాళాదుంపలు ఒక బస్తా,
అదెవరిదో ఈ ఒడ్డున ఒకలా చెప్పారు,
ఆ ఒడ్డున ఇంకోలా.
అయినా పాస్‌వర్డ్ కాగితమ్మీద రాసి
పడవ కుర్రాడి చేత పంపింది చెల్లెలు.
అక్క దాన్ని పొయ్యిలో వేసింది,
కంఠతా పట్టాకే.

"సూటిగా దాని వైపే పెట్టాను కదా!"
అదేనమ్మా తప్పు, అన్నాను.
ఈ కడ్డీ వేలు కాదు.
మొన చూపిన వైపే దీనికి చెవుడు.
వినేదీ పలికేదీ అంతా నడుం చుట్టూ, పక్కలకి.
ఎవరి మీద గురిపెడితే
వాళ్ల మాటే పెడచెవిన పెడుతుంది.

ఉప్పు తియ్యగా ఉంటుందన్నవాణ్ణి చూసినట్టు
చూసింది నన్ను.

కీలులో ఉప్పు పేరుకుంది. గోటితో గీకి
టక్, టక్ మని నిటారుగా లేపాను.
ఒక గీత వెలిగింది.
రెండోది వెలగబోయి మానుకుంది.

దుర్భిణీ తీశాను.
నీళ్లకవతల, పొగగొట్టం పక్కన,
చెల్లెలి కడ్డీ దక్షిణానికి ఒరిగిపోయి ఉంది.
ఆదివారం ఉత్తరపు గాలి
దాని మెడ వంచి వెళ్లింది.

ఫోన్ చేశాను.
"నా కప్పు ఎవరూ ఎక్కొద్దు, పాకుడు పట్టింది" అంది ఎర్సీలియా.
"నాకు బాగానే వస్తోంది.
కావాలంటే ఆవిణ్ణి వంగమను."

స్పీకర్ నొక్కి ఉందని అప్పుడు చూసుకున్నాను.
వంటగదిలో కత్తి ఆగింది.
సగం ఊడిన తొక్క దుంపకే వేలాడుతోంది.
"ఏమంది?" అని అడిగింది, విన్నాక కూడా.

అల నిలువుదైతే అడ్డం చెవిలో దూరదు,
ఆ కడ్డీ ఎంత ఒరిగిందో ఇదీ అంతే ఒరగాలి.
పుస్తకంలో ఉన్నదే చెప్పాను, సొంతం ఏమీ కలపలేదు.

"దాన్ని గాలి వంచింది. నన్నెవరు వంచాలి?"

నా బిల్లు పుస్తకంలో
ఆ ప్రశ్నకి గడి లేదు.

చాలాసేపు పొయ్యిలో కట్టెలే మాట్లాడాయి.
తర్వాత చేతులు కడుక్కుని, ఏప్రాన్‌కి తుడుచుకుని,
బయటికొచ్చి, "తప్పుకో" అంది.
కడ్డీని తనే పట్టుకుంది,
కొత్తగా పుట్టిన గొర్రెపిల్ల మెడ పాలవైపు తిప్పినట్టు.
అవతలి ఒడ్డు వైపు మాత్రం చూడలేదు.
చూడటం నా పని.
ఇంకా, అన్నాను. ఇంకొంచెం.
గడియారంలో చిన్నముల్లు పది దగ్గరున్నట్టు
వాలాక,
చాలమ్మా.

నాలుగు గీతలు.
షావుకారికి నోరొచ్చింది.
వచ్చిన మొదటి మాటే
ధర పడిపోయిందని.
ఎదెల్మీరా నడుమ్మీద చేతులేసుకుని
బేరం మొదలెట్టింది, పావుగంట.

కీలు మళ్లీ జారకుండా
బట్టలకి పెట్టే క్లిప్పొకటి తెచ్చి బిగించింది.
నా డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి
పైన ఒక సంచీ,
ఊదా తొక్క దుంపలు, మట్టి వదలనివి.
"ఆ విత్తనానివే" అంది మెల్లగా.
"అవతల చెప్పకు."

నీళ్ల మీదికొచ్చాక వెనక్కి తిరిగి వెతికాను.
రెండు కడ్డీలూ ఒకేసారి కనపడే చోటు
జలసంధిలో ఎక్కడా లేదు.
"సంచీలో ఏంటి?" అన్నాడు పడవ కుర్రాడు.
వాడు రేపు ఆ ఒడ్డుకే పోతాడు.
వాన మళ్లీ అందుకుంది.
టోపీ చెవుల మీదికి లాక్కుని
వినపడనట్టే కూర్చున్నాను.